ఎక్స్‌రే పోలరాజు చేతులు

సభకు వచ్చిన పెద్దలకు, అమ్మలకు, అన్నదమ్ములకు నమస్కారం.

ఈ హాలులో మనం ఇంతమందిమి చేరేది పెళ్ళిళ్ళప్పుడు, యూనియన్ ఎన్నికలప్పుడు. ఈ ఆదివారం పొద్దున ఒక మనిషి లేడని చేరాం. రాత్రి షిఫ్టు దిగి, నిద్ర మానుకుని వచ్చినవాళ్ళున్నారు. గోవింద్‌పూర్ నుంచి, ఆదిత్యపూర్ నుంచి, టాటానగర్ రైల్వే క్వార్టర్ల నుంచి సైకిళ్ళ మీద వచ్చినవాళ్ళున్నారు. వెనక నిలబడ్డవాళ్ళలో సగం మంది పేర్లు నాకు తెలియవు. కానీ ఎందుకు వచ్చారో తెలుసు. మీ మోకాలో, మీ భుజమో, మీ మణికట్టో ఏదో ఒక రోజు ఆయన చేతుల్లో ఉండి ఉంటుంది.

పోలరాజు అన్నయ్య పోయి ఇవాళ్టికి పదమూడు రోజులు. యాభై ఒక్క ఏళ్ళు. పోవలసిన వయసా అది?

నా పేరు సన్యాసిరావు. గోల్‌మురిలో ఆయన ఇంటికి మూడో క్వార్టరు మాది. ఇరవై రెండేళ్ళు ఇరుగుపొరుగు. ఆ పరిచయంతోనే మాట్లాడమన్నారని మీరనుకుంటారు. అందుకు కాదు. నేనే అడిగి ఈ మైకు ముందుకు వచ్చాను. ఎందుకు అడిగానో చివరికి మీకే తెలుస్తుంది. నాకు సభల్లో మాట్లాడడం రాదు. గుమాస్తాను. కాగితం మీద రాయడమే వచ్చు. ఎక్కడైనా తడబడితే ఓర్చుకోండి.

పోలరాజు అన్నయ్య టాటానగర్‌లోనే పుట్టాడు. వాళ్ళ నాన్నది పాలకొండ వైపు పల్లె. ఇక్కడి లోకో షెడ్డులో ఫిట్టరు. ఇంజనులో ఏదో టకటకమంటోందని డ్రైవరు వచ్చి చెబితే ఆ పెద్దాయన షెడ్డులో నిలబెట్టిన ఇంజను ముట్టుకునేవాడు కాదట. "నడిపించి సూపించు. నిలబెట్టి నాకేటి సూపిత్తావు?" అనేవాడట. డ్రైవరు ఇంజను నడుపుతుంటే పక్కనే పట్టాల వెంట చెవి పెట్టి నడిచేవాడట. చిన్నతనంలో చూసిన ఆ పని గురించి అన్నయ్య మాకు ఎన్నిసార్లు చెప్పాడో. ఆయన ఎక్స్‌రే చదువు ఆస్పత్రిలో నేర్చుకున్నాడు గానీ, చూడడం మాత్రం అక్కడే నేర్చుకున్నాడు.

యాభై ఏడులో ఇక్కడి ఆస్పత్రిలో పనికి చేరాడు. మొదట డార్క్‌రూంలో ఫిల్ములు కడిగే పని. తర్వాత ఎక్స్‌రే టెక్నీషియను. ఎక్స్‌రే అంటే మనకందరికీ తెలిసినది ఫొటో. "కదలకు" అంటారు, ఊపిరి బిగబట్టమంటారు, ఫిల్ము తీస్తారు. కానీ ఆ రోజుల్లో స్క్రీనింగు అని ఇంకొకటి ఉండేది. చీకటి గదిలో మనిషిని యంత్రానికీ తెరకూ మధ్య నిలబెట్టేవారు. కాలితో మీట నొక్కితే తెర మీద లేత ఆకుపచ్చ వెలుగులో లోపలి ఎముకలు కనిపించేవి. చెయ్యి కదిపితే ఆ ఎముకలూ కదిలేవి. డాక్టర్లు దాన్ని ఊపిరితిత్తులు చూడడానికి, కడుపు చూడడానికి వాడేవారు. కీళ్ళు చూడడానికి వాడాలన్న పట్టుదల మాత్రం మా అన్నయ్యది.

ఆ తెర వెలుగు చాలా తక్కువ. చీకటికి కళ్ళు అలవాటు పడితే తప్ప ఏమీ కనిపించదు. అందుకని లోపలికి వెళ్ళేముందు ఇరవై నిమిషాలు ఎర్ర కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చోవాలి. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద ఎర్రటి అద్దాలు పెట్టుకుని టీ తాగుతూ కూర్చునేవాడు. రోగులు నవ్వుకునేవారు. హిందీవాళ్ళు 'లాల్ చష్మా బాబు' అనేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు. టీ కూడా ఎర్రగానే కనిపిస్తోందని అనేవాడు.

అదిగో, ముందు వరసలో జోగమ్మ కూర్చుని ఉంది. ఆమెను అడిగే చెబుతున్నాను. అరవై తొమ్మిదిలో రైల్వే కాంట్రాక్టరు దగ్గర బూడిద తట్టలు మోసేది. కుడి చెయ్యి పైకి లేవడం మానేసింది. ఎక్స్‌రే తీశారు. ఎముక బాగానే ఉంది. మందు రాసుకోమన్నారు. రెండోసారి వచ్చింది, మళ్ళీ తీశారు, మళ్ళీ బాగానే ఉంది. మేస్త్రీ దొంగవేషం అన్నాడు. ఇంట్లో అత్త కూడా అదే మాట అంది. మూడోసారి వచ్చినప్పుడు అన్నయ్య డాక్టరుగారి అనుమతి తీసుకుని ఆమెను తెర వెనక నిలబెట్టి, మెల్లగా చెయ్యి ఎత్తమన్నాడు. ఆయనకు కనిపించింది. చెయ్యి ఎముక గూటిలో కదలడమే లేదు. అతుక్కుపోయినట్టు ఉండిపోయింది. ఆమె చెయ్యి ఎత్తుతున్నానని అనుకున్నప్పుడల్లా వెనక ఉన్న రెక్క ఎముక మొత్తం దాంతోపాటు లేస్తోంది. ఆగి ఉన్న ఫొటోలో అది ఎలా తెలుస్తుంది?

బయటికి వచ్చి ఆయన ఆమెతో అన్న మాట ఒక్కటే. "నీ సెయ్యి అబద్ధం సెప్పట్లేదమ్మా." జోగమ్మ ఆ వరండాలోనే కూలబడి ఏడ్చిందట. నొప్పికి కాదు. ఏడాదిగా ఆ మాట ఎవరూ అనలేదు.

డాక్టరుగారు వ్యాయామం రాశారు. ఎనిమిది నెలలు పట్టింది. ఒకరోజు ఆమె ఎక్స్‌రే గది దగ్గరకు వచ్చి, చెయ్యి తల మీదికి ఎత్తి, దించి, వెళ్ళిపోయింది. ఆ సంగతి చెప్పినప్పుడు అన్నయ్య ముఖం నేను చూశాను.

అమ్మలారా, అయ్యలారా, ఇప్పుడు నేను అసలు చెప్పడానికి వచ్చిన సంగతికి వస్తాను.

డెబ్బై నాలుగులో నేను ఆదిత్యపూర్‌లో ఒక కార్ఖానాలో టైం ఆఫీసు గుమాస్తాను. దాని పేరు చెప్పను. అది మూతపడి ఏడేళ్ళయింది. మూతపడింది కాబట్టే ధైర్యంగా మాట్లాడుతున్నాడని మీరనుకోవచ్చు. అనుకోండి. నిజమే.

అక్కడ సూర్యం అని ఒక కుర్రవాడు, అప్పటికి పాతికేళ్ళు, కాలిన ఇనుమును కొట్టి సాగదీసే హామర్ దగ్గర పని. ఈ హాలులోనే ఉన్నాడు. ఒకరోజు బరువు జారి కుడి అరచెయ్యి వెనక్కి విరుచుకుపోయింది. వాపు తగ్గింది, నొప్పి తగ్గలేదు. పట్టకారు బిగించి పట్టుకుంటే మణికట్టులో ఏదో టక్కుమంటోందనేవాడు. ఫిల్ము తీశారు. అంతా మామూలుగా ఉందని రిపోర్టు వచ్చింది. ఆ రిపోర్టు అబద్ధం కాదు, ఆ ఫిల్ములో ఉన్నదే రాశారు. కానీ దాన్ని చూపించి మావాళ్ళు అతన్ని పనిలోంచి తీసేశారు. పని ఎగ్గొట్టడానికి నెపం పెడుతున్నాడని ఉత్తరం ఇచ్చారు. ఆ ఉత్తరం టైపు చేసింది నేనే. ఈ చేతులతోనే.

సూర్యం తల్లి దాలమ్మ, కొడుకును వెంటబెట్టుకుని అన్నయ్య దగ్గరకు వెళ్ళింది. అన్నయ్య అతన్ని తెర వెనక కూర్చోబెట్టాడు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయట. చెయ్యి ఊరికే పెట్టినప్పుడు అన్నీ సర్దుకునే ఉన్నాయి. గుప్పిట గట్టిగా బిగించమన్నాడు. రెండు ఎముకల మధ్య సందు తెరుచుకుంది. వదలమన్నాడు. మూసుకుంది. బిగిస్తే తెరుచుకోవడం, వదిలితే మూసుకోవడం. వాటిని కట్టి ఉంచే నరం లాంటిది లోపల తెగిపోయింది.

తెర మీద చూసింది కాగితం మీద సాక్ష్యం కాదు. అందుకని చెయ్యి కొద్దికొద్దిగా బిగిస్తుంటే వరసగా ఏడు ఫిల్ములు తీశాడు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే ఆ సందు తెరుచుకోవడం కళ్ళకు కడుతుంది. అయితే ఒక చిక్కు వచ్చింది. అందరికీ అంతే ఉంటుందేమో అని ఎవరైనా అడిగితే? బాగున్న చేతితో పోల్చి చూపించాలి. సూర్యం ఎడమ మణికట్టు చిన్నప్పుడే విరిగి వంకరగా అతుక్కుంది, అది పనికిరాదు. అప్పుడు అన్నయ్య తన చేతినే అక్కడ పెట్టాడు. కాలితో మీట నొక్కుతూ తన గుప్పిట బిగిస్తూ ఇంకో ఏడు ఫిల్ములు తీసుకున్నాడు.

అక్కడ సీసపు గ్లౌజులు ఉండేవి. కిరణాలు తగలకుండా వేసుకునే బరువైన గ్లౌజులు. మామూలు పనికి ఆయనా వేసుకునేవాడు. కానీ కీలు కదిలించి చూడాల్సి వచ్చినప్పుడు తీసేసేవాడు. ఎముక జారేది బొటనవేలికి తగిలితేనే తెలుస్తుందనేవాడు. ఒంటికి సీసపు ఏప్రను ఉండేది. ఛాతీ మీద, ఒంటికి ఎన్ని కిరణాలు తగిలాయో చూడడానికి నెలనెలా పరీక్షకు పంపే ఫిల్ము బిళ్ళ ఉండేది. ఆ బిళ్ళ ఎప్పుడూ బాగుందనే తిరిగి వచ్చేది. ఛాతీ బాగుంది. చేతులకు బిళ్ళ ఎక్కడుంది?

ఆ పద్నాలుగు ఫిల్ములు చూసి ఎముకల డాక్టరుగారు తన చేత్తో ఉత్తరం రాసి ఇచ్చారు. ఇతనికి ఆపరేషను కావాలి, ఇతను చెప్పేది నిజం అని. అన్నయ్య ఆ ఉత్తరాన్ని, ఫిల్ములను పెద్ద కవరులో పెట్టి, పురికొస చుట్టి, ముడి వేసి నా దగ్గరకు తెచ్చాడు. మీ మేనేజరు బల్ల మీద పెట్టు తమ్ముడూ, చాలు, అన్నాడు.

నేను పెట్టలేదు.

పెడితే, పనిలోంచి తీసేసిన ఉత్తరం టైపు చేసినవాడే ఇది తెచ్చాడంటారని భయం. నాకిద్దరు పిల్లలు. ఆ కవరు నా సొరుగులో పెట్టాను. ఒక రోజు, రెండు రోజులు, వారం. రోజూ సాయంత్రం గోల్‌మురి బజారులో కూరల దగ్గర అన్నయ్య కనిపించేవాడు. ఏమైంది తమ్ముడూ అని అడిగేవాడు. పైవాళ్ళు చూస్తున్నారనేవాణ్ణి. తొమ్మిదో రోజు మళ్ళీ అడిగాడు. అప్పుడు తప్పించుకోవడానికి ఒక అబద్ధం చెప్పాను. ఫిల్ములు స్పష్టంగా లేవంటున్నారు, ఇంకా బాగా కావాలంటున్నారు అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. తల ఊపి, అవునా అన్నాడు. మర్నాడు సూర్యాన్ని మళ్ళీ పిలిపించాడు. మళ్ళీ మొదటి నుంచీ. సూర్యం చెయ్యి ఒకవైపు, తన చెయ్యి ఒకవైపు. ఈసారి ఏడు కాదు, పన్నెండు. సరిగ్గా రానివి పక్కన పెట్టి, మళ్ళీ. గ్లౌజులు లేకుండా.

పదకొండో రోజున డాక్టరుగారి చేత ఉత్తరం మళ్ళీ రాయించి, రెండో కవరుతో నా బల్ల దగ్గరకు వచ్చాడు. ఆ కవరు అందుకుంటున్నప్పుడు నాకు తల ఎత్తి ఆయన్ని చూడడం చేతకాలేదు. ఆయన గేటు దాటకముందే దాన్ని మేనేజరు బల్ల మీద పెట్టి వచ్చాను. అంత భయపడినదానికి మేనేజరు నన్నేమీ అనలేదు. ఫిల్ములు కిటికీ వెలుగుకు పెట్టి ఒక్కొక్కటే చూశాడు. నాలుగు రోజుల్లో సూర్యాన్ని పిలిపించారు. ఆపరేషను చేసి ఆ ఎముకలను కలిపి బిగించారు. ఇప్పుడతని మణికట్టు సగమే వంగుతుంది. కానీ నొప్పి లేదు. టూల్‌రూంలో పనిచేసుకుంటున్నాడు. ముగ్గురు పిల్లలు.

మిత్రులారా, డెబ్బై తొమ్మిదిలో అన్నయ్య చేతి గోళ్ళు నల్లబడి చీలడం మొదలైంది. వేళ్ళ మీద చర్మం ఎండిన బెరడులా పగిలేది. ఫిల్ములు కడిగే మందు పడి అలా అయిందనేవాడు. కస్తూరమ్మ వదిన రోజూ కొబ్బరినూనె రాసేది. ఎనభై రెండులో చూపుడు వేలి మీద పుండు లేచి మానలేదు. ముక్క కోసి పరీక్షకు పంపితే క్యాన్సరని వచ్చింది. ఎనభై మూడులో రెండు వేళ్ళు తీసేశారు. కుడిచేతివే. బొటనవేలు ఉంచారు. కిందటేడు చంకలో గడ్డ తేలింది. అక్కణ్ణించి ఊపిరితిత్తులకు పాకింది.

వేళ్ళు తీసిన వారానికి నేను ఆస్పత్రికి వెళ్ళాను. వార్డులో వాళ్ళమ్మాయి పద్మకుమారి మంచం పక్కన కూర్చుని ఉంది. మన పిల్లల మాట మీకు తెలుసు, మనం తెలుగులో అంటే వాళ్ళు హిందీలో జవాబిస్తారు. "బాబా, దస్తానే క్యోఁ నహీఁ పహనే?" అని అడిగింది. గ్లౌజులు ఎందుకు వేసుకోలేదు నాన్నా అని. ఆయన కట్టు కట్టిన చేతివంక చూశాడు. "తప్పేనమ్మా. నువ్వడిగినట్టు అప్పుడెవలూ అడగనేదు" అన్నాడు.

ఎవరడగాలి? జోగమ్మకు తెలియదు. సూర్యానికి తెలియదు. నాకు తెలుసు. ఆ గ్లౌజులు పక్కన పెడతాడని ఆయన నోటితోనే విన్నాను. అడిగానా?

పద్మకుమారి టీ తేవడానికి వెళ్ళింది. అప్పుడు చెప్పాను. మొదటి కవరు నేను ఇవ్వలేదని, ఫిల్ములు బాగోలేదన్నది నా అబద్ధమని, రెండోసారి తీయాల్సిన అవసరమే లేదని, తొమ్మిదేళ్ళు మోసిన మాట చెప్పేశాను.

ఆయన అన్నది ఇది. "తెలుసు తమ్ముడూ. రెండోది ఇయ్యడానికి వొచ్చినప్పుడు నీ సొరుగు తెరిసుంది. నానేసిన ముడి అలాగే ఉంది. అడిగితే నువ్వు సిగ్గుపడి రెండోదీ ఇయ్యవేమోనని ఊరుకున్నా."

తెలుసు. తొమ్మిదేళ్ళూ తెలుసు. ఆ తొమ్మిదేళ్ళూ మా ఇంట్లో భోంచేశాడు, మా పిల్లల పుట్టినరోజులకు వచ్చాడు, నా భార్య మోకాలు నొప్పికి తనే తీసుకెళ్ళి చూపించాడు.

డాక్టరుగారిని అడిగాను. ఆ ఒక్క రోజు వల్లే వచ్చిందా అని. అలా ఎవరూ చెప్పలేరు, ఇరవై ఏళ్ళ పని అది, ఏ రోజుది ఎంతో విడదీయలేం అన్నారు. నన్ను ఓదార్చడానికే అన్నారేమో తెలియదు. ఆ ఇరవై ఏళ్ళలో ఒక రోజు నాది. అంతవరకు నాకు తెలుసు. అది ఈ హాలులో, మీ అందరి ముందు చెప్పాలనే మైకు అడిగాను. చెప్పాను కదా అని బరువు తగ్గలేదు. తగ్గాలని చెప్పలేదు కూడా.

ఇప్పుడు ఆస్పత్రికి కొత్త యంత్రం వచ్చింది. చీకటి అక్కర్లేదు, టీవీ లాంటి తెర మీద ఎముకలు కదులుతూ కనిపిస్తాయి. ఎర్ర అద్దాలూ అక్కర్లేదు. వేళ్ళు తీసేశాక కూడా రెండేళ్ళు అన్నయ్య రోజూ వెళ్ళి, కిరణాలు దాటని అద్దం ఇవతల నిలబడి కొత్తవాళ్ళకు నేర్పాడు. భుజం ఎలా తిప్పించాలి, మోకాలు ఎక్కడ ఆపాలి, ఏ మూల చూడాలి. గ్లౌజులు వేసుకోనివాణ్ణి ఆ గదిలోకి రానిచ్చేవాడు కాదు. అంత మెత్తని మనిషి, ఆ ఒక్క విషయంలో అందరి ముందూ కసిరేవాడు.

నిన్న సాయంత్రం కస్తూరమ్మ వదినను కలిశాను. సభలో ఏం చెప్పమంటావు వదినా అని అడిగాను. ఆమె చెప్పిన మాట ఉన్నదున్నట్టు మీ ముందు పెడుతున్నాను. "త్యాగం సేసేడని సెప్పకండి బాబూ. నాకిట్టం నేదు. ఆయన్ని నానెవలికీ ఇచ్చీనేదు. పనికెళ్ళేడు. ఇంటికి రావాల. అంతే."

అందుకే నేను ఆ మాట వాడలేదు. నా తర్వాత మాట్లాడే పెద్దలను కూడా వాడవద్దని వేడుకుంటున్నాను. ఆయన పనికి వెళ్ళాడు. ఇంటికి రావాల్సినవాడు. మనలో ప్రతి ఒక్కరం రోజూ ఫర్నేసు దగ్గరకో, ప్రెస్సు దగ్గరకో, పట్టాల మీదకో వెళుతున్నాం. పక్కవాడు చేతికి ఏమీ లేకుండా పనిలో దిగితే, ఒక్క మాట అడగండి. వాడు నవ్వినా అడగండి. నేను అడగలేదు.

వదినా, అమ్మా పద్మా, మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. క్షమించమని అడిగే అర్హత కూడా లేదు. మీ ఇంటికి మూడో గడప మాది. అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఇక మనందరం పోలరాజు అన్నయ్య కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. మోకాళ్ళు సహకరించనివాళ్ళు, నడుము నొప్పి ఉన్నవాళ్ళు దయచేసి కూర్చునే ఉండండి. మొహమాటపడి లేవకండి. ఆయన ఉంటే మిమ్మల్ని లేవనిచ్చేవాడు కాదు.

మిగిలినవాళ్ళం లేద్దాం.